సర్వరు భద్రతా లోపాలకు ప్రతిస్పందన

ఒక సంస్థ తన సొంత సర్వరుపై నడుపుకొనే సహకార సాఫ్టువేరులో తీవ్రమైన భద్రతా లోపం బయటపడినప్పుడు ఆ సంస్థ చేపట్టవలసిన చర్యలన్నింటినీ కలిపి భద్రతా లోప ప్రతిస్పందన అంటారు. 2017 మే నెలలో వనాక్రై దాడి ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు సహా ఐదు జిల్లాల పోలీసు కార్యాలయాలను తాకింది. 2025 జులైలో టూల్‌షెల్ అనే పేరు పొందిన దాడి వివిధ దేశాలలో వందలాది షేర్‌పాయింట్ సర్వరులను తాకింది. ఈ రెండు దాడుల మధ్య గడచిన ఎనిమిది సంవత్సరాలలో ప్రతిస్పందన స్వరూపమే మారిపోయింది. మొదటి దాడిలో తయారీదారు ఇచ్చిన ప్యాచ్‌ను సకాలంలో వేసుకున్నవారు సురక్షితంగా ఉన్నారు. రెండవ దాడిలో ప్యాచ్ వేసుకున్న తరువాత కూడా సర్వరు దాడిదారుల అధీనంలోనే ఉండిపోయే పరిస్థితి ఏర్పడింది. సాంకేతిక సిబ్బంది తక్కువగా ఉండే పల్నాడు వంటి జిల్లాలలోని సంస్థలకు ఈ మార్పు ముఖ్యమైనది.

పదాల వివరణ

దస్త్రాలను పంచుకోవడం, ఉత్తరప్రత్యుత్తరాలు జరపడం, ఒకే పత్రంపై పలువురు కలిసి పనిచేయడం వంటి అవసరాలకు వాడే సాఫ్టువేరును సహకార సాఫ్టువేరు అంటారు. మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్, ఎక్స్ఛేంజ్, అట్లాసియన్ వారి కాన్‌ఫ్లుయెన్స్, స్వేచ్ఛా సాఫ్టువేరులైన నెక్స్ట్‌క్లౌడ్, మీడియావికీ మొదలైనవి ఈ కోవకు చెందుతాయి.

వీటిని రెండు విధాలుగా వాడుకోవచ్చును. తయారీదారు లేదా మరొక సంస్థ తన సర్వరులపై నడిపి, చందా తీసుకుని సేవను అందించడం ఒక పద్ధతి. దీనిని క్లౌడ్ సేవ అంటారు. సంస్థ తానే సర్వరు కొని, తన ఆవరణలోనో అద్దె కేంద్రంలోనో ఉంచి, సాఫ్టువేరును తానే నిర్వహించుకోవడం రెండవ పద్ధతి. ఈ రెండవ పద్ధతిలో సమాచారం సంస్థ అధీనంలోనే ఉంటుంది. దానితోపాటు లోపాలను సరిదిద్దే బాధ్యత కూడా సంస్థపైనే పడుతుంది. తయారీదారు ప్యాచ్‌ను విడుదల చేస్తాడు గాని, వచ్చి వేసి వెళ్ళడు.

తయారీదారు సరిదిద్దక ముందే దాడిదారులు ఉపయోగించుకొనే లోపాన్ని జీరో డే లోపం అంటారు. ప్రసిద్ధమైన లోపాలకు సీవీఈ అనే అంతర్జాతీయ పట్టికలో ఒక సంఖ్య ఇస్తారు. వాటి తీవ్రతను 0 నుండి 10 వరకు గల కొలమానంలో సూచిస్తారు. 9 లేదా అంతకు మించిన విలువ గల లోపాన్ని అత్యంత తీవ్రమైనదిగా పరిగణిస్తారు.

2017: వనాక్రై, గుంటూరు జిల్లా

విండోస్ కంప్యూటర్లు ఒక కార్యాలయంలో ఫైళ్ళను, ప్రింటర్లను పంచుకోవడానికి సర్వర్ మెసేజ్ బ్లాక్ అనే నియమావళిని వాడతాయి. దీని మొదటి కూర్పులో ఉన్న లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న సరిదిద్దింది. ఈ లోపాన్ని ఉపయోగించుకొనేందుకు అమెరికా జాతీయ భద్రతా సంస్థ తయారుచేసుకున్న ఎటర్నల్‌బ్లూ అనే సాధనాన్ని షాడో బ్రోకర్స్ అనే అజ్ఞాత బృందం 2017 ఏప్రిల్ 14న బహిరంగపరచింది. మే 12న ఆ సాధనాన్ని వాడుకుంటూ వనాక్రై అనే రాన్సమ్‌వేర్ విజృంభించింది. అది కంప్యూటరులోని ఫైళ్ళను తెరవరాకుండా చేసి, విడుదలకు 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు అడిగేది. ఎవరూ ఏ లింకునూ నొక్కకుండానే ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తనంతట తానే పాకడం దీని ప్రత్యేకత. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఇంగ్లండులోని జాతీయ ఆరోగ్య సేవకు చెందిన 236 ట్రస్టులలో దాదాపు మూడవ వంతు దెబ్బతిన్నాయి. ఈ దాడికి ఉత్తర కొరియా కారణమని అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు 2017 డిసెంబరులో ప్రకటించాయి.

ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని 18 పోలీసు యూనిట్లలో కొన్ని కంప్యూటర్లు ఈ దాడికి గురైనట్లు అప్పట్లో వార్తా సంస్థలు తెలిపాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాల అప్పటికి గుంటూరు జిల్లాలోనివే. కొద్ది రోజుల తరువాత తిరుమల తిరుపతి దేవస్థానానికి చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నట్లు వార్తలు వచ్చాయి. కేరళలోని వయనాడు, పత్తనంతిట్ట జిల్లాలలో గ్రామ పంచాయతీ కార్యాలయాల యంత్రాలు సైతం దీని బారిన పడ్డాయి. పెద్ద నగరాలలోని పెద్ద సంస్థలకే పరిమితమనుకున్న ప్రమాదం మండల, గ్రామ స్థాయి కార్యాలయాల దాకా వచ్చిన సందర్భమిది.

ప్యాచ్ విడుదలకు, దాడికి మధ్య 59 రోజుల వ్యవధి ఉన్నది. ఆ వ్యవధిలో ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్లలోకి ఈ లోపం ద్వారా వనాక్రై ప్రవేశించలేకపోయింది. తయారీదారు మద్దతు అప్పటికే ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ సమయంలో ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చింది. అయితే ఎక్కువగా నష్టపోయినవి మద్దతు కొనసాగుతూ ఉండి కూడా ప్యాచ్ వేయని విండోస్ 7 యంత్రాలే. ఈ అనుభవం నుండి ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు నేర్చుకున్న పాఠం సూటిగా ఉన్నది: ప్యాచ్ వచ్చిన వెంటనే వేయాలి, ఫైళ్ళ నకళ్ళను వేరుగా భద్రపరచాలి. ఆనాటికి ఈ పాఠం సరిపోయింది.

2021: ఎక్స్ఛేంజ్ లోపాలు

మైక్రోసాఫ్ట్ 2021 మార్చి 2న ఎక్స్ఛేంజ్ ఈమెయిలు సర్వరులోని నాలుగు జీరో డే లోపాలకు ప్యాచ్‌లు విడుదల చేసింది. వీటిలో ప్రధానమైనది ప్రాక్సీలాగన్ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. ప్యాచ్ వచ్చేనాటికే దాడులు జరుగుతున్నాయి. దాడిదారులు సర్వరులో వెబ్‌షెల్ అనే చిన్న ఫైలును వదలి వెళ్ళేవారు. దూరం నుండి ఆదేశాలు ఇచ్చి సర్వరును నడిపించడానికి ఆ ఫైలు దొడ్డిదారిగా పనిచేస్తుంది. నార్వే పార్లమెంటు తమ సమాచారం అపహరణకు గురైనట్లు ఆ నెలలోనే ప్రకటించింది.

ప్యాచ్ లోపాన్ని మూసివేస్తుంది గాని అంతకుముందే లోపలికి చేరిన వెబ్‌షెల్‌ను తొలగించదు. ప్యాచ్ వేసి పని ముగిసిందనుకున్న అనేక సంస్థల సర్వరులలో దొడ్డిదారులు అలాగే మిగిలిపోయాయి. చివరకు 2021 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌బీఐ న్యాయస్థానం అనుమతి తీసుకుని, ఆ దేశంలోని వందలాది ప్రైవేటు సర్వరులలోని వెబ్‌షెల్‌లను తానే తొలగించింది. యజమానుల ముందస్తు అంగీకారం లేకుండా ప్రభుత్వం వారి సర్వరులలోనికి ప్రవేశించిన ఈ చర్య చర్చనీయాంశమైంది. 2017 నాటి పాఠం అసంపూర్ణమని ఈ సంఘటన స్పష్టం చేసింది.

2025: టూల్‌షెల్

2025 మే నెలలో బెర్లిన్‌లో జరిగిన పోన్‌టుఓన్ పోటీలో వియత్నాంకు చెందిన వియట్టెల్ సైబర్ సెక్యూరిటీ సంస్థ పరిశోధకుడు షేర్‌పాయింట్ సర్వరులోని రెండు లోపాలను జతచేసి, పాస్‌వర్డు లేకుండానే సర్వరును వశపరచుకోవచ్చునని నిరూపించాడు. ఇందుకు లక్ష డాలర్ల బహుమతి లభించింది. పోటీ నిబంధనల ప్రకారం వివరాలు తయారీదారుకు అందాయి. తరువాతి పరిణామాల క్రమం ఇది:

* జులై 8: మైక్రోసాఫ్ట్ ఆ రెండు లోపాలకు ప్యాచ్‌లు విడుదల చేసింది. దాడిదారుల తొలి ప్రయత్నాలు జులై 7 నాటికే మొదలయ్యాయని మైక్రోసాఫ్ట్ తరువాత వెల్లడించింది.
* జులై 14: జర్మనీకి చెందిన కోడ్ వైట్ సంస్థ తాను కూడా ఈ దాడిని పునఃసృష్టించగలిగినట్లు ప్రకటించింది.
* జులై 18: నెదర్లాండ్స్‌కు చెందిన ఐ సెక్యూరిటీ సంస్థ పెద్దయెత్తున దాడులు జరుగుతున్నట్లు గుర్తించింది. జులై 8 నాటి ప్యాచ్‌లు అసంపూర్ణమైనవని, వాటిని తప్పించుకొనే మార్గం ఉన్నదని తేలింది.
* జులై 19: మైక్రోసాఫ్ట్ హెచ్చరిక జారీ చేసింది. కొత్త లోపాలకు సీవీఈ-2025-53770, సీవీఈ-2025-53771 అనే సంఖ్యలు లభించాయి. మొదటిదాని తీవ్రత 9.8.
* జులై 20, 21: షేర్‌పాయింట్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్, 2019 కూర్పులకు ముందుగా, 2016 కూర్పుకు మరునాడు కొత్త ప్యాచ్‌లు వచ్చాయి. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తమ దేశ ప్రభుత్వ కార్యాలయాలకు ఒక్క రోజు గడువు విధించింది.
* జులై 22: లినెన్ టైఫూన్, వయొలెట్ టైఫూన్, స్టార్మ్-2603 అనే మూడు చైనా బృందాలు ఈ దాడులలో పాల్గొన్నాయని మైక్రోసాఫ్ట్ పేర్కొన్నది. చైనా ఈ ఆరోపణలను తిరస్కరించింది.

నాలుగు వందలకు పైగా సర్వరులు దాడిదారుల వశమైనట్లు ఐ సెక్యూరిటీ ఆ నెలలోనే లెక్కగట్టింది. అమెరికా అణ్వాయుధాల పర్యవేక్షణ సంస్థ కూడా బాధితులలో ఉన్నది. స్టార్మ్-2603 కొన్నిచోట్ల వార్‌లాక్ అనే రాన్సమ్‌వేర్‌ను కూడా ప్రయోగించింది. మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్‌లో నడిపే షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కు ఈ లోపం వర్తించలేదు. నష్టపోయినవారంతా సొంత సర్వరులు నడుపుకొనేవారే.

దాడి జరిగే విధానం

దాడిదారు షేర్‌పాయింట్‌లోని టూల్‌పేన్ అనే పేజీకి ఒక అభ్యర్థన పంపుతాడు. తాను సైన్ అవుట్ పేజీ నుండి వస్తున్నట్లు అందులో అబద్ధపు చిరునామా చూపుతాడు. సైన్ అవుట్ పేజీకి పాస్‌వర్డు అవసరం లేదు గనుక సర్వరు పాస్‌వర్డు అడగకుండానే అతనిని లోనికి అనుమతిస్తుంది. తరువాత అతడు పంపిన సమాచారాన్ని సర్వరు తనిఖీ చేయకుండా ప్రోగ్రాములోకి తీసుకుంటుంది. అందులో దాగిన ఆదేశాలు అమలవుతాయి. దాడిదారుల లక్ష్యం చాలాసార్లు ఫైళ్ళు కాదు. సర్వరులోని మెషిన్ కీలు అనే రహస్య సంకేతాలను వారు కాజేశారు.

షేర్‌పాయింట్ వినియోగదారుని పేజీ స్థితిని ఒక చిన్న సమాచార ముక్కగా అతని బ్రౌజరుకు పంపి, తిరిగి అందుకుంటుంది. అది తాను పంపినదేనని రూఢి చేసుకొనేందుకు మెషిన్ కీలతో దానిపై ముద్ర వేస్తుంది. కీలు దొంగిలించినవాడు తన ఆదేశాలపై కూడా అదే ముద్ర వేయగలడు. అప్పుడు సర్వరు వాటిని తనవిగానే భావిస్తుంది. ఇంటి గోడకు వేసిన కన్నాన్ని పూడ్చినా, తాళంచెవికి నకలు చేయించుకున్న దొంగ ముఖద్వారం నుండి రాగలడు. ప్యాచ్ కన్నాన్ని మాత్రమే పూడుస్తుంది. తాళాన్ని మార్చవలసింది సర్వరు నిర్వాహకుడు.

ప్రతిస్పందనలో దశలు

టూల్‌షెల్ తరువాత మైక్రోసాఫ్ట్, సీసా, వివిధ భద్రతా సంస్థలు చేసిన సూచనలను క్రోడీకరిస్తే ప్రతిస్పందన ఈ క్రమంలో ఉంటుంది:

# గుర్తింపు: సంస్థలో ఏయే సర్వరులు ఉన్నాయో, వాటిలో ఏ సాఫ్టువేరు ఏ కూర్పులో ఉన్నదో, వాటిలో ఏవి అంతర్జాలానికి తెరచి ఉన్నాయో తెలిసి ఉండాలి. ఈ జాబితా ముందుగానే సిద్ధంగా లేకపోతే మిగిలిన దశలన్నీ ఆలస్యమవుతాయి.
# వేరుచేయడం: ప్యాచ్ వెంటనే వేయలేని సర్వరును అంతర్జాలం నుండి తొలగించాలి. కార్యాలయం లోపల దానిని వాడుకోవచ్చును. ఒక రోజు సేవ ఆగడం ఇబ్బందే అయినా ఈ దశలో దానికి ప్రత్యామ్నాయం లేదు.
# సాక్ష్యాల పరిరక్షణ: సర్వరు కార్యకలాపాలను నమోదు చేసే లాగ్ ఫైళ్ళను మరొకచోటికి నకలు చేయాలి. కంగారులో సర్వరును చెరిపివేసి మళ్ళీ స్థాపిస్తే ఏమి పోయిందో ఎన్నటికీ తెలియదు.
# ప్యాచ్: కూర్పుకు తగిన పూర్తి ప్యాచ్ వేయాలి. జులై 8 నాటి ప్యాచ్ మాత్రమే వేసుకున్నవారికి రక్షణ లభించలేదు.
# కీల మార్పిడి: ప్యాచ్ వేసిన తరువాత మెషిన్ కీలను మార్చి, వెబ్ సర్వరును పునఃప్రారంభించాలి. సర్వరుకు తెలిసిన ఇతర పాస్‌వర్డులను కూడా మార్చాలి.
# గాలింపు: వెబ్‌షెల్‌లు, అపరిచిత ఖాతాలు, వేళకాని వేళ జరిగిన ప్రవేశాల కోసం వెదకాలి. టూల్‌షెల్‌లో స్పిన్‌స్టాల్0 అనే పేరుతో మొదలయ్యే ఫైలు ప్రధానమైన ఆనవాలు.
# నివేదన: దాడి జరిగినట్లు తేలితే చట్టప్రకారం అధికారులకు, నష్టపోయినవారికి తెలియజేయాలి.

ఈ దశల క్రమానికి కారణమున్నది. కీలను ముందుగా మార్చి ప్యాచ్‌ను తరువాత వేస్తే, ఆ మధ్యకాలంలో కొత్త కీలు కూడా దొంగల పాలు కావచ్చును. అందువలన ప్యాచ్‌కు ముందు ఒకసారి కీలు మార్చినా, తరువాత మరలా మార్చవలసి ఉంటుంది.

భారతదేశంలో నిబంధనలు

భారతదేశంలో ఇటువంటి సంఘటనలకు జాతీయ స్థాయి సంస్థ సెర్ట్-ఇన్. ఇది 2004లో ఏర్పడింది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 70బీ సెక్షను దీనికి చట్టబద్ధత కల్పించింది. ఈ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనను గమనించిన 6 గంటలలోగా నివేదించాలి. సర్వరుల లాగ్ ఫైళ్ళను 180 రోజులపాటు భద్రపరచాలి. ప్రభుత్వ సంస్థలకు, కంపెనీలకు, సేవలందించే మధ్యవర్తులకు ఇవి వర్తిస్తాయి. చిన్న, మధ్యతరహా సంస్థలకు 2022 సెప్టెంబరు 25 వరకు వెసులుబాటు ఇచ్చారు.

డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. వ్యక్తుల సమాచారం బయటికి పొక్కితే ఆ వ్యక్తులకు ఆలస్యం లేకుండా, సమాచార సంరక్షణ బోర్డుకు 72 గంటలలోగా పూర్తి వివరాలతో తెలియజేయాలని ఆ నియమాలు చెబుతున్నాయి. ఈ బాధ్యతలను నియమాలు ప్రకటించిన 18 నెలల తరువాత అమలులోకి వచ్చే విధంగా నిర్ణయించారు.

ఆరు గంటల గడువుపై విమర్శ ఉన్నది. సంఘటన స్వరూపం అర్థం చేసుకోవడానికే ఆ సమయం చాలదని పరిశ్రమ వర్గాలు వాదించాయి. గడువు సంఘటన జరిగిన క్షణం నుండి కాక గమనించిన క్షణం నుండి మొదలవుతుంది. లాగ్‌లను చూసేవారే లేని సంస్థ దాడిని నెలల తరబడి గమనించకపోవచ్చును. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు అన్న సామెత ఇటువంటి సంస్థలకు సరిగ్గా సరిపోతుంది. చట్టం నివేదించడాన్ని తప్పనిసరి చేయగలదు గాని గమనించగల శక్తిని సమకూర్చలేదు.

పల్నాడు వంటి జిల్లాలలో పరిస్థితి

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. జిల్లా విభజనతో కార్యాలయాలతోపాటు దస్త్రాలు, వాటి ఎలక్ట్రానిక్ నకళ్ళు కూడా విభజనకు గురవుతాయి. ప్రభుత్వ దస్త్రాల నిర్వహణకు వాడే ఈ-ఆఫీస్ జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం రూపొందించినది. అది కేంద్రీకృత సర్వరులపై నడుస్తుంది. కనుక గురజాలలోని ఒక కార్యాలయ ఉద్యోగి ఆ సర్వరు ప్యాచ్ గురించి చేయగలిగినది లేదు. తన కంప్యూటరును, తన పాస్‌వర్డును కాపాడుకోవడమే అతని బాధ్యత.

సొంత సర్వరుల ప్రశ్న ఎక్కువగా ప్రభుత్వేతర సంస్థలకు వర్తిస్తుంది. నరసరావుపేట ప్రాంతంలోని ఇంజనీరింగు కళాశాలలు, ఆసుపత్రులు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు, పిడుగురాళ్ళ సున్నపు పరిశ్రమ, పత్తి, మిరప వ్యాపార సంస్థలు ఈ కోవలోనివి. ఇటువంటి సంస్థ ఏదైనా సొంత సర్వరు పెట్టుకుంటే, దానిని స్థాపించేది సాధారణంగా బయటి వ్యాపారి. స్థాపన ఒప్పందంలో నిర్వహణ చేరకపోతే ఆ సర్వరు ఏళ్ళ తరబడి మొదటి రోజు ఉన్న కూర్పులోనే ఉండిపోతుంది. హెచ్చరిక జులై 19 వంటి శనివారం నాడు వస్తే దానిని చదివేవారు ఎవరన్నది అసలు ప్రశ్న.

చిన్న సంస్థలు ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సర్వరును అంతర్జాలానికి నేరుగా తెరచి ఉంచక, వీపీఎన్ ద్వారా మాత్రమే అందుబాటులో ఉంచడం వాటిలో ముఖ్యమైనది. టూల్‌షెల్ దాడులు అంతర్జాలం నుండి నేరుగా చేరగల సర్వరులపైనే సాగాయి. సెర్ట్-ఇన్ హెచ్చరికలను క్రమం తప్పక చూసే బాధ్యతను ఒక వ్యక్తికి పేరుపేరునా అప్పగించడం, ఫైళ్ళ నకలును సర్వరుతో సంబంధం లేని డిస్కులో ఉంచడం, ఆ నకలు నుండి ఫైళ్ళు తిరిగి వస్తున్నాయో లేదో అప్పుడప్పుడు పరీక్షించడం మిగిలినవి. జిల్లాలో కంప్యూటరు సైన్సు చదివే విద్యార్థులున్న కళాశాలలు తమ సొంత సర్వరులనే పాఠశాలగా చేసుకుని ఈ పనిలో శిక్షణ ఇవ్వవచ్చును.

వాదోపవాదాలు

టూల్‌షెల్ తరువాత సొంత సర్వరులను మానుకొని క్లౌడ్‌కు మారాలన్న వాదన బలపడింది. క్లౌడ్ సేవలో ప్యాచ్ వేసే పని తయారీదారుదే. షేర్‌పాయింట్ 2016, 2019 కూర్పులకు మద్దతును 2026 జులై 14తో ముగించాలని మైక్రోసాఫ్ట్ ముందుగానే నిర్ణయించింది. తయారీదారులు వినియోగదారులను క్లౌడ్ వైపు నెట్టడానికే పాత కూర్పులను నిర్లక్ష్యం చేస్తున్నారన్న విమర్శ కూడా ఉన్నది.

క్లౌడ్ సేవలు సైతం దాడులకు అతీతం కావు. 2023లో స్టార్మ్-0558 అనే బృందం మైక్రోసాఫ్ట్ వారి సంకేత కీని సంపాదించి, వారి క్లౌడ్‌లోని 22 సంస్థలకు చెందిన 500 మందికి పైగా వ్యక్తుల ఈమెయిళ్ళను చదివింది. ఇది నివారించదగిన సంఘటన అని అమెరికా సైబర్ భద్రతా సమీక్షా మండలి 2024లో తేల్చింది. టూల్‌షెల్‌లో వలెనే ఇక్కడ కూడా దొంగతనానికి గురైనది కీ. తేడా ఏమిటంటే, ఈసారి తాళం మార్చగల అధికారం వినియోగదారుల చేతిలో లేదు.

భారత ప్రభుత్వం మధ్యేమార్గాన్ని అనుసరిస్తున్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఈమెయిలు వ్యవస్థను స్వదేశీ సంస్థ జోహోకు అప్పగించింది. సుమారు 12 లక్షల ఖాతాలు దానికి మారినట్లు 2025లో వార్తలు వచ్చాయి. సమాచారం దేశంలోనే ఉండడం దీనివలన కలిగే ప్రయోజనం. సాఫ్టువేరు స్వదేశీదైనంత మాత్రాన లోపాలు ఉండవని అనుకోరాదు. జోహో వారి మేనేజ్‌ఇంజన్ ఉత్పత్తిలోని తీవ్ర లోపాన్ని 2021లో దాడిదారులు ఉపయోగించుకున్నారు. స్వేచ్ఛా సాఫ్టువేరుకు కూడా ఇది వర్తిస్తుంది. వికీపీడియాను నడిపే మీడియావికీలోనే 2014 జనవరిలో సర్వరును వశపరచుకోగల లోపం బయటపడగా, వెంటనే సరిదిద్దారు.

సొంత సర్వరా, క్లౌడా అన్న ఎంపిక కన్న, లోపం బయటపడిన రోజున బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోవడం ముఖ్యమని ఈ ఉదాహరణలు సూచిస్తున్నాయి. సర్వరు తనది అయినప్పుడు ప్యాచ్, కీలు, గాలింపు మూడూ సంస్థ పనులే. వాటిలో మొదటిది మాత్రమే చేయడం 2017లో సరిపోయింది, 2025లో సరిపోలేదు.

ఇవి కూడా చూడండి

* కంప్యూటరు వైరస్
* రాన్సమ్‌వేర్
* సమాచార సాంకేతిక చట్టం, 2000
* పల్నాడు జిల్లా
* మీడియావికీ